చప్పట్ల కోర్టులో టీగన్ డ్రిస్కాల్

టీగన్ డ్రిస్కాల్ మితభాషిణి. ఆమెకు పిల్లలను మొదట దూరం చేసినది ఐస్ అనే మత్తుమందు. ఆ సంగతి ఆమె ఎన్నడూ దాచలేదు, నేనూ దాచను. మత్తు విడిచి ఏడాది కావస్తున్న తరుణంలో వారిని శాశ్వతంగా దూరం చేయబోయినది మాత్రం ఆ మితభాషిత్వమే.

మెల్‌బోర్న్ ఉత్తర శివారులో, మా వీధి చివర, పసుపు ఇటుకల ఇంట్లో ఉంటుంది. వయస్సు ముప్పైమూడు. కూరగాయల టోకు మార్కెట్టులో ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపేది. బంగాళాదుంపల బస్తాలను ఎత్తాలి, దించాలి. ఆ పనిలో మాటలకు చోటు లేదు. ఒకనాడు వెన్ను దెబ్బతిన్నది. నొప్పికి మాత్రలు వచ్చాయి. మాత్రలు చాలనప్పుడు ఆమెతో కలిసి ఉంటున్న బ్రెంట్ ఐస్ తెచ్చిపెట్టాడు. అది ఇంట్లో స్థిరపడిన తర్వాత బ్రెంట్ దూరాన క్వీన్స్‌లాండ్‌లో స్థిరపడ్డాడు. మార్చి నెలలో ఒక మంగళవారం, బడి విడిచి గంటన్నర దాటినా, ఏడేళ్ల ఇండీని, ఐదేళ్ల కోబీని తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. ఆ నెలలో అది మూడోసారి. బడివారు ఫోను చేశారు, శిశు సంరక్షణ శాఖవారు వచ్చారు, పిల్లలిద్దరూ నగరానికి పడమటి కొసన ప్రభుత్వం తరఫున పరుల పిల్లలను సాకే ఒక పాలక దంపతుల ఇంటికి చేరారు.

చట్టం పన్నెండు నెలల గడువు ఇచ్చింది. ఆలోగా తల్లి మత్తు మాని, కోర్టు నిర్ణయించిన నాలుగు మెట్లూ ఎక్కితే పిల్లలు ఇంటికి వస్తారు. ఎక్కకపోతే ఆ దంపతుల దగ్గరే పెరిగి పెద్దవారవుతారు. ఆ దంపతులు చాలా మంచివారు. టీగన్‌కు అన్నిటికంటె ఎక్కువ భయం గొలిపిన విషయం అదే.

మత్తుకు లోబడిన తల్లిదండ్రుల కోసమే నెలకొల్పిన ఆ కోర్టు తక్కిన కోర్టుల వంటిది కాదు. అక్కడ మెజిస్ట్రేట్ కరాలిస్ గారు ఎత్తైన పీఠం దిగివచ్చి, అందరితోపాటు గుండ్రని బల్ల దగ్గర కూర్చుంటారు. బల్ల మీద బిస్కట్ల పళ్లెం ఉంటుంది, దాని పక్కన కాగితపు రుమాళ్ల పెట్టె ఉంటుంది. మనిషి ఏడవడానికి కావలసిన సదుపాయాలన్నీ ప్రభుత్వమే సమకూర్చింది. టీగన్ చేయవలసినది ఏమంటే, వారానికి మూడు మూత్ర పరీక్షలు, రెండు సలహా సమావేశాలు, ఒక శిశుపోషణ తరగతి, ఒక ప్రశాంతతా తరగతి. ఈ చివరి రెండిటికీ మధ్య రెండు బస్సులు, ఒక రైలు. ప్రశాంతతకు ఆమె ఎప్పుడూ పరుగెత్తుకుంటూ, రొప్పుతూ చేరుకునేది. పిల్లలను ఎట్లా ఆడించాలో నేర్పే తరగతి నాలుగు నెలలపాటు పిల్లలను చూడటానికి అనుమతించిన సమయంలోనే పడింది. ఆ సంగతి ఎత్తిచూపినప్పుడు తరగతి బోధకురాలు ఎంతో మెచ్చుకుని, సమయపాలన గురించిన మరొక తరగతిలో ఆమె పేరు చేర్చింది.

మొదటి మెట్టు ఎక్కినవారికి శుక్రవారం ఉదయాలలో విచారణ. ఒక్కొక్కరే తమ వారం ఎట్లా గడిచిందో చెప్పాలి, తక్కినవారు చప్పట్లు కొట్టాలి. తప్పు చేసి దాచినవారికి శిక్ష. తప్పు చేసి, పరీక్షలో బయటపడకముందే ఒప్పుకున్నవారికి చప్పట్లు. ఈ సూత్రంలో దోషమేమీ లేదు. సిగ్గుతో కుంగినవారిని అది ఎందరినో లేవనెత్తడం, టీగన్‌కు తోడుగా వెళ్లినప్పుడు నేను చూశాను. అయితే, తప్పే చేయనివారికి ఏమివ్వాలో ఆ సూత్రం రచించినవారు ఆలోచించలేదు.

"ఈ వారం ఎలా గడిచింది టీగన్?" అని అడిగేవారు కరాలిస్ గారు.

"బానే గడిచింది మేడమ్."

"ఏమైనా ఇబ్బంది పడ్డారా?"

"బుధవారం బస్సు లేటయింది."

"అప్పుడు మీ మనసులో ఏమనిపించింది?"

"బస్సు లేటయిందనిపించింది."

ఈ మాటలకు మూడు నాలుగు జతల చేతులు మర్యాదకోసం కదిలేవి. తరువాత ట్రూడీ వంతు వచ్చేది. ట్రూడీ ఒకప్పుడు క్షౌరశాలలో పనిచేసి, జుట్టుతోపాటు కబుర్లనూ కత్తిరించడం, వంపులు తిప్పడం నేర్చిన మనిషి. ముగ్గురు పిల్లల తల్లి. అప్పటికి నాలుగుసార్లు మళ్లీ మత్తులోకి జారిపడింది, నాలుగుసార్లూ శుక్రవారానికి ముందే ఒప్పుకుంది. ఒప్పుకోలు ఒక్కొక్కటి ఇరవై నిమిషాలు. చిన్ననాడు సవతితండ్రి చేతిలో తల్లి తిన్న దెబ్బలు మొదలుకొని మొన్న మంగళవారం సాయంత్రం దాకా అందులో అన్నీ వచ్చేవి. రుమాళ్ల పెట్టె బల్ల చుట్టూ ప్రదక్షిణం చేసేది. ట్రూడీ పడినప్పుడల్లా కోర్టు లేచి నిలబడేది.

సలహాదారు ఫెర్గస్ దయాళువు. మెడ నొప్పి పుట్టేంత ఓపికగా తల ఊపేవాడు. అతడు జనవరిలో రాసిన నివేదికలో ఇట్లా ఉన్నది: 'నూట ఇరవై పరీక్షలలోను మత్తు కనబడలేదు. అయినను ఈమెకు ఆత్మావగాహన కొరవడినది. మనస్సు విప్పుట లేదు.' ఫారంలోని ఆత్మావగాహన గడిలో టిక్కు పడనిదే నాలుగో మెట్టు లేదు. నాలుగో మెట్టు లేనిదే పిల్లలు లేరు. గడువుకు ఎనిమిది వారాలున్నాయి.

"నీ లోపల ఏదో ఉంది టీగన్. దాన్ని బయటికి రానివ్వు" అన్నాడు ఫెర్గస్.

"ఉంటే పరీక్షలో వచ్చేది కదా?"

"అది కాదు. అంత నున్నగా ఎవరి ప్రయాణమూ సాగదు. నువ్వు మాతో ఏదో దాస్తున్నావేమోనని నాకు దిగులుగా ఉంది."

"నేనేం దాచట్లేదు."

ఫెర్గస్ విచారంగా తల ఊపి, ఆ మాటను కూడా రాసుకున్నాడు.

ఆనాడు కోర్టు ఎదుట చేపల దుకాణంలో, వేడివేడి బంగాళాదుంప బిళ్లలు తింటూ, ట్రూడీ ఆమెకు హితబోధ చేసింది. ఆ సంభాషణను టీగన్ నాకు పొల్లుపోకుండా అప్పగించింది.

"నీకో లేప్స్ కావాలే పిల్లా" అన్నది ట్రూడీ.

"పిచ్చా ఏంటి నీకు? మళ్లీ ఐస్ తాగమంటావా?"

"తాగమని ఎవరన్నారే మొద్దూ! తాగానని చెప్పమంటున్నా. తాగి తాగలేదంటే తప్పు. తాగకుండా తాగానంటే ఏ చట్టంలో ఉంది తప్పని?"

"అబద్ధం కదా అది."

"నిజం చెబుతూ ఆర్నెల్లయింది, ఏం ఒరిగింది నీకు? ఫెర్గస్ మొహం చూశావా? పాపం, ఆకలితో ఉన్నాడే ఆయన. ఒక్క కన్నీటి చుక్క పెట్టు, కడుపు నిండుతుంది."

"నాకు ఏడుపు రాదు ట్రూడీ."

"పిల్లల్ని తలుచుకో. వస్తుంది."

టీగన్ అబద్ధాలకోరు కాదు. ఎత్తడం, దించడం తెలిసిన మనిషి. బరువు ఒకవైపు ఎక్కువైతే బండి వాలిపోతుంది గనుక రెండోవైపు మరికొంత బరువు పెట్టాలని మార్కెట్టులో నేర్చుకున్నది. ఆమె లెక్కలో ఇదీ అటువంటిదే. మూడు వారాలు ఆలోచించింది. ఫిబ్రవరి రెండో శుక్రవారం నాడు, కరాలిస్ గారు ఎప్పటిలా అడగగానే, బల్ల వైపు చూస్తూ చెప్పింది.

"మంగళవారం సాయంత్రం... ఒకసారి తీసుకున్నాను మేడమ్."

ఆ పైన ట్రూడీ చెప్పినట్లే పిల్లలను తలుచుకున్నది. ఇండీ ముందుపన్ను ఊడిందట. ఊడినప్పుడు తాను చూడలేదు. అంతే, కన్నీరు వచ్చింది. ఆ కన్నీరు మాత్రం నిజమైనది.

ఆ తరువాత జరిగినది ఆ కోర్టు చరిత్రలో చిరస్మరణీయం. ముందు ఫెర్గస్ లేచాడు, వెంట న్యాయవాదులు లేచారు, చివరికి తలుపు దగ్గర కాపలాదారు కూడా చేతిలోని టీ కప్పు కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. కరాలిస్ గారు ఆమె చేయి పట్టుకుని, "ఈ ధైర్యం కోసమే ఇన్నాళ్లూ ఎదురుచూశాం" అన్నారు. టీగన్‌కు సూపర్‌మార్కెట్టులో ఇరవై డాలర్ల సరుకులకు చెల్లే కార్డు బహుమానంగా లభించింది. గడిలో టిక్కు పడింది.

ఆ సంతోషం సోమవారం దాకా నిలిచింది. సోమవారం ప్రయోగశాలనుండి బుధవారపు ఫలితమూ, శుక్రవారపు ఫలితమూ వచ్చాయి. రెండిటిలోనూ మత్తు లేదు.

తరువాత జరిగిన సమావేశం గురించి టీగన్ తరఫు న్యాయవాది ఎన్నిసార్లు చెప్పబోయినా నవ్వు ఆపుకోలేకపోయేది. పదకొండు మంది విద్యాధికులు రెండు గంటలు కూర్చున్నారు. ప్రయోగశాల పొరబడిందందామా, అప్పుడు అందరి ఫలితాలూ అనుమానాస్పదమవుతాయి. మూత్రాన్ని మార్చిందందామా, పరీక్ష జరిపే నర్సు కళ్లెదుటే కదా జరుగుతుంది! మూడో అవకాశం ఒకటున్నదని, ఆమె అసలు తీసుకోనేలేదేమోనని, బిస్కట్లు అయిపోయిన తర్వాత ఎవరో మెల్లగా అన్నారట. "లేనిదాన్ని ఎవరైనా ఒప్పుకుంటారా?" అని పదిమంది ఒక్క గొంతుతో నవ్వారట. అటువంటి గడి వారి ఫారంలో లేదు. కనుక మూత్రం మార్చినట్లు అనుమానించి, వెంట్రుకల పరీక్షకు ఆదేశించారు. మెడ వెనుక వెంట్రుక మూడు నెలల చరిత్ర చెబుతుందట. ఆ చరిత్ర అందేదాకా, శనివారాలు పిల్లలు తల్లి ఇంటికి రావడం ఆగిపోయింది. మళ్లీ శాఖవారి కార్యాలయంలో, పర్యవేక్షకురాలి ఎదుట, వారానికి గంట.

ఆ శనివారం టీగన్ పిల్లలను ఈతకొలనుకు తీసుకుపోవలసి ఉన్నది. కోబీ నీళ్లలో తల ముంచడం నేర్చుకున్నాడు. అమ్మకు చూపించాలని నెలరోజులుగా తహతహలాడుతున్నాడు. కొలనుకు బదులు బూడిదరంగు తివాచీ పరచిన గదికి వచ్చాడు. పిల్లవాడు క్షణం ఆలోచించి, "అమ్మా, ఇదే నీళ్లనుకో" అని, తివాచీ మీద బోర్లా పడుకుని, ముఖం నేలకు ఆనించి ఊపిరి బిగబట్టాడు.

"ఎంతసేపున్నాను?"

"పది లెక్కపెట్టాను నాన్నా. చేపవి రా నువ్వు."

మూలన కూర్చున్న పర్యవేక్షకురాలు రాసుకున్నది: 'బాలుడు నేలపై బోర్లా పడుకొనెను. తల్లి వారించలేదు.'

ఇండీ మాత్రం తివాచీ దగ్గరకు రాలేదు. కుర్చీలో కూర్చుని కాళ్లు ఊపుతూ అడిగింది. "మనం ఇంటికెందుకు వెళ్లట్లేదు?"

"చిన్న పొరపాటయింది బంగారం."

"నువ్వు మళ్లీ అది తీసుకున్నావంట కదా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మేముండే ఇంట్లో ఆంటీ ఫోన్లో మాట్లాడుతుంటే విన్నా. తీసుకున్నావా?"

టీగన్ పర్యవేక్షకురాలి కలం వైపు చూసింది. కేసు విషయాలు పిల్లలతో మాట్లాడరాదని నియమం. "లేదు" అన్నది. ఇండీ నమ్మలేదు. బుద్ధి తెలిసిన పిల్ల ఎందుకు నమ్ముతుంది? పెద్దవాళ్లందరూ అవునంటున్నారు. ఇంతకుముందు 'లేదు' అని తల్లి చెప్పిన ప్రతిసారీ అది 'అవును' అయింది.

ఆ కార్యాలయం మెట్ల మీదనుంచే టీగన్ ఫెర్గస్‌కు ఫోను చేసింది.

"నేను అబద్ధం చెప్పాను. ఆ మంగళవారం ఏమీ తీసుకోలేదు. ఉత్తినే చెప్పాను."

అవతల ఫోను పట్టుకుని కూడా అతడు తల ఊపుతున్నాడని ఆమెకు తెలిసింది.

"టీగన్, ఇది చాలా సహజం. ఒప్పుకున్న తర్వాత వెనక్కి తగ్గాలనిపిస్తుంది. దీన్ని నిరాకరణ దశ అంటాం."

"దశా లేదు గిశా లేదు! తీసుకోలేదయ్యా బాబూ!"

"ఆ కోపం కూడా అందులో భాగమే" అన్నాడు ఫెర్గస్ మృదువుగా.

నిజం చెబితే అవగాహన లేదన్నారు. అబద్ధం చెబితే అవగాహన ఉందన్నారు. అబద్ధమని ఒప్పుకుంటే రోగమన్నారు. గడువుకు ఇరవైరెండు రోజులున్నాయి. వాటిలో తొమ్మిది వెంట్రుకకే సరిపోయాయి. వెంట్రుక వచ్చి, మూడు నెలలలో ఏమీ లేదని చెప్పింది. వెంట్రుకకు ఆత్మావగాహన అక్కరలేదు గనుక దాన్ని అందరూ నమ్మారు.

మార్చి మొదటి శుక్రవారం కోర్టు నిండిపోయింది. ఎన్నడూ రాని పాలక దంపతులు కూడా వచ్చి వెనుక వరుసలో కూర్చున్నారు. ఆవిడ చేతిసంచిని ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకున్నది. శాఖవారి న్యాయవాది లేచి, సత్యసంధత లేని తల్లికి గడువు పొడిగించరాదన్నాడు. కరాలిస్ గారు ఆ రోజు బిస్కట్ల పళ్లెం పక్కకు జరిపించారు.

"టీగన్, మీరు తీసుకోలేదు. అయినా తీసుకున్నానని ఈ బల్ల దగ్గర చెప్పారు. ఎందుకు?"

ఆమె జీవితంలో అంత పొడవుగా మాట్లాడటం అంతకుముందు ఎవరూ వినలేదు.

"ఆర్నెల్లు ప్రతి వారం మీరు ఎలా ఉందంటే బానే ఉందన్నాను. బానే ఉంది కాబట్టి అన్నాను. అది మీకు చాల్లేదు. లోపల ఏదో ఉందన్నారు. లోపల ఉన్నది పిల్లలు మేడమ్, వేరే ఏమీ లేదు. పిల్లలు రావాలంటే టిక్కు కావాలన్నారు. టిక్కు కావాలంటే తప్పు కావాలి. తప్పు చేసి తెస్తే పిల్లలు పోతారు. అందుకని చెయ్యకుండా తెచ్చాను. తప్పే. దానికి నాకేం శిక్ష వెయ్యాలో వెయ్యండి. వాళ్లకు మాత్రం వెయ్యొద్దు. మా వాడు నేల మీద ఈత కొడుతున్నాడు."

చప్పట్లు కొట్టాలో కూడదో ఎవరికీ తోచలేదు. చేతులు సగం లేచి, మళ్లీ ఒళ్లోకి దిగాయి. అప్పుడు ట్రూడీ లేచింది. "ఆ సలహా నేనిచ్చిందే మేడమ్. దీనికంత తెలివెక్కడిది?" అన్నది. ట్రూడీ ఆ కోర్టులో చేసిన ఒప్పుకోళ్లన్నిటిలోకీ అది చిన్నది. దానికి ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

కరాలిస్ గారు ఫెర్గస్ వైపు తిరిగారు. "ఆమె ప్రతి వారం చెప్పింది మీ దగ్గర రాసి ఉందా?"

"ఉంది. 'బానే గడిచింది.' ఇరవైనాలుగు సార్లు."

"పరీక్షల ప్రకారం అవన్నీ నిజమేనా?"

ఫెర్గస్ తల ఊపడానికి కొంత సమయం పట్టింది. తల ఊపిన తర్వాత, "నాకు అలా తోచలేదు. పొరపాటు నాదే" అన్నాడు. మంచివాడని ముందే చెప్పాను కదా.

ఉత్తర్వు ఆ మధ్యాహ్నం వెలువడింది. పిల్లలు వచ్చే గురువారం తల్లి ఇంటికి రావాలి. మొదటి ఆరు వారాలు శాఖవారు వచ్చి చూస్తారు. ఆ గురువారం గడువుకు మూడు రోజుల ముందు. అయితే అబద్ధానికి శిక్ష తప్పదు గనుక, సత్యసంధతను గురించి ఒక పుట వ్యాసం రాయాలన్నారు. టీగన్ రాసినది ఒక పుట రాలేదు. ఇదీ వ్యాసం: 'ఇకమీదట వారం బాగా గడిస్తే బాగా గడిచిందని చెబుతాను. బాగా గడవకపోతే గడవలేదని చెబుతాను. ఎవరూ నమ్మకపోతే మళ్లీ అదే చెబుతాను.' వాక్యాలు చిన్నవి. ఒక్క మాట కూడా తీసివేయడానికి వీలులేనివి. ఫెర్గస్ తన చివరి నివేదికలో 'ఆత్మావగాహన గణనీయముగా వృద్ధిపొందినది' అని రాశాడు.

బయట మెట్ల దగ్గర పాలక తల్లి టీగన్‌ను ఆపింది. ఏదో చెప్పాలని వచ్చి, చెప్పలేక, సంచిలోనుంచి మడిచిన కాగితం తీసి ఇచ్చింది. కోబీకి ఏ పాలు పడవో, ఇండీ భయపడితే ఏం చేయాలో రెండు వైపులా రాసి ఉన్నది. టీగన్ దాన్ని అక్కడే నిలబడి, మొదటినుంచి చివరిదాకా చదివి, "థాంక్స్" అన్నది.

మే నెలలో పట్టప్రదానోత్సవం. నాలుగు మెట్లూ ఎక్కినవారికి కేకు, ప్రశంసాపత్రం, కోర్టంతటి చప్పట్లు. పదింటికి కార్యక్రమం. పదింబావుకు ఫెర్గస్ ఫోను చేశాడు.

"ఎక్కడున్నావు టీగన్? అందరూ నీ కోసమే చూస్తున్నారు!"

"రాలేను. బడివాళ్లు ఇద్దర్నీ ఇంటికి పంపించేశారు. తలల నిండా పేలు."

ఫెర్గస్ ఆ మాటను బల్ల దగ్గర ప్రకటించాడు. శాఖవారి ఉద్యోగిని వెంటనే కలం తీసి, ఇది నమోదు చేయదగిన అంశమా అని అడిగింది. కరాలిస్ గారు ముగ్గురు పిల్లలను పెంచినవారు. "ఏ దువ్వెన వాడుతోందో అడగండి. ఇనుపదైతే మంచిది" అని, కేకు కోయించారు.

ఆ సమయంలో టీగన్ స్నానాలగదిలో తొట్టి అంచున కూర్చుని ఉన్నది. పేలు కదలకుండా ఇద్దరి తలలకూ తెల్లగా కండిషనరు పట్టించింది. కోబీ నురుగుతో గడ్డం చేసుకుంటున్నాడు. ఇండీ గోల పెడుతోంది.

"అబ్బా, మెల్లిగా! ఆంటీ ఇంత గట్టిగా దువ్వేది కాదు!"

టీగన్ చేయి ఆగింది. "అవునా? ఆవిడ ఎలా దువ్వేది?"

ఇండీ అనుమానంగా తల్లి ముఖంలోకి చూసింది. తరువాత దువ్వెన అందుకుని, తమ్ముణ్ణి దగ్గరకు లాక్కుని, చెవి వెనుకనుంచి ఒక సన్నని పాయ వేరుచేసి, కుదురును రెండు వేళ్లతో పట్టుకుని, మెల్లగా చివరిదాకా దువ్వి చూపించింది.

"ఇలా. కుదురు పట్టుకుంటే లాగదు."

"సరే, ఇటు తిరుగు" అని, టీగన్ కూతురి జుట్టులో ఒక పాయ తీసి, కుదురు పట్టుకున్నది.